స్క్రూ తిప్పే ముందు

ఇంజన్ మొరాయించిన మరుక్షణమే స్క్రూడ్రైవర్ అందుకోవడం మనలో చాలామందికి అలవాటు. రోగమేదో తెలియకముందే చికిత్స ఆరంభిస్తాము. చికిత్స వికటించినప్పుడు రోగాన్ని నిందిస్తాము. మేము సైతం ఇట్టి తొందరపాటుకు లోనై, ఒక మిత్రుని ప్రాణం మీదికి తెచ్చినవారమే. కనుక ఈ వ్యాసం పరులకు చేసే ఉపదేశం కాదు. మా తప్పు మాకు నేర్పిన పాఠం మాత్రమే.

మా నలుగురు మిత్రులలో ఒకరి ఇంట వారి పెదనాన్నగారు వాడిన రాజ్‌దూత్ 350 ఉన్నది. ఎస్కార్ట్స్ సంస్థ యమహా వారి సహకారంతో 1983లో మన దేశంలో విడుదల చేసిన వాహనమిది. 347 సి.సి. సామర్థ్యం, రెండు సిలిండర్లు, టూ స్ట్రోక్ ఇంజన్. సిలిండరుకొకటి చొప్పున రెండు కార్బ్యురేటర్లు. ఆనాటి మన రోడ్ల మీద వేగానికి మారుపేరుగా నిలిచిన ఈ బండి ఏళ్ల తరబడి షెడ్డులో దుమ్ముపట్టి ఉండగా, దానికి తిరిగి ఊపిరి పోయాలని మేము సంకల్పించాము.

ఇంజన్ మేలుకొన్నది కాని నిలకడగా నడవలేదు. యాక్సిలరేటర్ వదలినా వేగం వెంటనే తగ్గేది కాదు. ఎడమ స్పార్క్ ప్లగ్ విప్పి చూస్తే సున్నం వలె తెల్లగా ఉన్నది. పెట్రోలు చాలడం లేదని తీర్మానించి ఎయిర్ స్క్రూ తిప్పాము. అది చాలక పెద్ద మెయిన్ జెట్ తెచ్చి బిగించాము. పూర్తి వేగంలో నల్లని పొగ వచ్చింది గాని, ఆగి ఉన్నప్పటి అస్థిమితం మాత్రం పోలేదు. అయినా మా విద్య మీద మాకు అపారమైన నమ్మకం! ఒక ఉదయం మా మిత్రుడు చాలా దూరం వేగంగా పోయి, యాక్సిలరేటర్ మూసిన క్షణాన ఎడమ పిస్టన్ సిలిండర్‌లో బిగుసుకుపోయింది. వెనుక చక్రం తిరగడం మానివేసి రోడ్డు మీద జారసాగింది. అతడు తటాలున క్లచ్ నొక్కినందువల్ల బతికి బయటపడ్డాడు.

ఆ తరువాత గాని మేము మా వీధి చివరి ఉస్తాద్ వద్దకు పోలేదు. ఆయన ఒక్క స్క్రూ అయినా ముట్టుకొనలేదు. ముందు మమ్మల్ని ప్రశ్నించారు: ఏ వేగంలో ఇబ్బంది, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కిన తరువాతా, ఒక వైపా, రెండు వైపులా? దెబ్బతిన్న పిస్టన్ మార్చిన తరువాత ఇంజన్ నడుస్తుండగా, ఎడమ కార్బ్యురేటర్‌ను సిలిండరుకు కలిపే రబ్బరు గొట్టం చుట్టూ గ్రీజు దట్టంగా పూశారు. ఇంజన్ ధ్వని మారింది; వేగం కుదురుకున్నది. కంటికి కనిపించని సన్నని పగులు గుండా అదనపు గాలి లోనికి పోతున్నదని అప్పుడు తెలిసింది. మేము వారాల తరబడి శిక్షించిన కార్బ్యురేటర్ నిర్దోషి.

ఆయన చేసినది మంత్రం కాదు, శాస్త్రం. గొట్టం సన్నబడిన చోట గాలి వేగం పెరిగి, పీడనం తగ్గుతుందని 1738లో బెర్నూలీ ప్రకటించిన సూత్రం మన భౌతికశాస్త్ర పాఠ్యగ్రంథంలో ఉన్నదే. ఆ తగ్గిన పీడనమే గిన్నెలోని పెట్రోలును జెట్ గుండా పైకి రప్పించి గాలితో కలుపుతుంది. బరువు లెక్కన సుమారు 14.7 వంతుల గాలికి ఒక వంతు పెట్రోలు ఉంటే దహనం సంపూర్ణమౌతుంది. పెట్రోలు మించితే పొగ, మసి; గాలి మించితే అధిక వేడిమి. ఆ వేడిమికే మా పిస్టన్ వ్యాకోచించి బిగుసుకున్నది.

కార్బ్యురేటర్‌లో అన్ని భాగాలూ అన్ని వేళలా ఒకే తీరున పెత్తనం చేయవు. యాక్సిలరేటర్ మూసి ఉన్నప్పుడు, కొద్దిగా తెరచినప్పుడు పైలట్ జెట్, ఎయిర్ స్క్రూలది అధికారం. ఆపై స్లైడ్ అడుగున ఉన్న కోత. పావు నుండి ముప్పావు వరకు ముఖ్యంగా నీడిల్. చివరి పావులోనే మెయిన్ జెట్ ప్రధానం. మా ఇబ్బంది మొదటి అంచెలో ఉండగా మేము చివరి అంచెను మార్చాము! కాలికి ముల్లు గుచ్చుకుంటే తలకు కట్టు కట్టినట్లయింది. కనుక ఇబ్బంది ఏ అంచెలో ఉన్నదో గుర్తించడమే సగం వైద్యం.

తక్కిన సగం క్రమం. ట్యాంకు నుండి పెట్రోలు ధారాళంగా వస్తున్నదా, ఎయిర్ ఫిల్టర్ శుభ్రంగా ఉన్నదా, ప్లగ్ నిప్పు బలంగా ఉన్నదా, అతుకుల వద్ద గాలి చొరబడుతున్నదా, ఫ్లోట్ సరియైన ఎత్తులో ఉన్నదా అని వరుసగా చూచిన పిమ్మటనే స్క్రూ దగ్గరకు పోవాలి. ఒకసారి ఒక్కదానినే మార్చి, ఎన్ని చుట్లు తిప్పినదీ కాగితం మీద రాసుకోవాలి. రెండు కార్బ్యురేటర్లు గల బండిలో రెండు స్లైడ్లూ ఒకే క్షణాన లేస్తున్నాయో లేదో చూడాలి. ఒకటి ముందు, ఒకటి వెనుక లేస్తే జోడెద్దులలో ఒకటే బండి లాగినట్లు ఉంటుంది. ఎయిర్ ఫిల్టర్ వైపున ఉండే ఎయిర్ స్క్రూను లోనికి బిగిస్తే మిశ్రమం చిక్కబడుతుంది. అనేక ఫోర్ స్ట్రోక్ బళ్లలో ఇంజన్ వైపున ఉండే ఫ్యూయల్ స్క్రూను బిగిస్తే పలుచబడుతుంది. ఈ భేదం తెలియక తిప్పినవాడు మేలు చేయబోయి కీడు చేస్తాడు.

కార్బ్యురేటర్ కాలం చెల్లినది, ఇప్పుడీ చర్చ ఎందుకని కొందరు మిత్రులు అడుగవచ్చును. నిజమే. 2020 ఏప్రిల్ 1 నుండి బి.ఎస్. 6 కాలుష్య ప్రమాణాలు అమలులోకి వచ్చాక కొత్త మోటారు సైకిళ్లలో ఫ్యూయల్ ఇంజెక్షన్ దాని స్థానాన్ని ఆక్రమించింది. గాలి శుభ్రతను కోరే వారెవరూ దీనికి విచారించనక్కరలేదు. మేమూ విచారించడం లేదు. అయితే పాత బళ్లు ఇంకా మన వీధుల్లో తిరుగుతూనే ఉన్నాయి. వాటికి కొత్త చిక్కు కూడా వచ్చిపడింది. 2023 నుండి బంకులలో ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు రావడం ఆరంభమైనది. ఒక వంతు ఇథనాల్ దహనానికి సుమారు తొమ్మిది వంతుల గాలియే చాలును. అందుచేత వెనుకటి జెట్‌తోనే ఈ ఇంధనం వాడితే మిశ్రమం కొంత పలుచబడుతుంది. పాత రబ్బరు భాగాలు దెబ్బతినే ప్రమాదమూ ఉన్నది. తాతల నాటి కొలతలను కళ్లు మూసుకొని అనుసరించరాదనడానికి ఇంతకంటె నిదర్శనమేమి కావాలి?

పైగా, యంత్రం మారినా పద్ధతి మారదు. లక్షణాన్ని చూడడం, కారణాన్ని ఊహించడం, ఆ ఊహను ఒకే ఒక్క మార్పుతో పరీక్షించడం, ఫలితాన్ని నిజాయితీగా ఒప్పుకోవడం - ప్రయోగశాలలో మనకు చెప్పేది ఇదే కదా! అయితే మార్కుల కోసం ముందే తెలిసిన ఫలితాన్ని రికార్డు పుస్తకంలో నింపే మనకు దాని విలువ తెలియలేదు. బడి చదువు మధ్యలోనే ఆగిపోయిన ఉస్తాద్ ఆ పద్ధతిని జీవనాధారం చేసుకున్నారు. చేతికి నూనె అంటినవాడు చదువులేనివాడనే చిన్నచూపు మనలో ఉన్నంతకాలం మన చదువు సగమే.

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం ఒక్కటే. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఒక బల్లను, ఒక పాత ఇంజన్‌ను, నెలకు ఒక సాయంకాలాన్ని కేటాయించండి. మన పేటలోని ఉస్తాదులను అతిథులుగా ఆహ్వానించి, అధ్యాపకుల సరసన కుర్చీ వేసి కూర్చోబెట్టండి. వారి శ్రమకు తగిన పారితోషికం ఇవ్వండి. వారు చెప్పేది ఉర్దూలోనూ తెలుగులోనూ రాసి భద్రపరచే బాధ్యత విద్యార్థులమైన మేము వహిస్తాము. ఉస్తాద్ చేతిలోని విద్యకు పుస్తకం లేదు. ఆ చేయి అలసిపోతే ఆ విద్యా పోతుంది.

విద్యార్థి మిత్రులారా! ఇకమీదట మీ బండి మొరాయించినప్పుడు స్క్రూడ్రైవర్ కొంచెంసేపు జేబులోనే ఉండనివ్వండి. ముందు వినండి, చూడండి, అడగండి. మా మిత్రుడు ఈనాడు మా నడుమ కూర్చుని ఈ వ్యాసంలోని తప్పులు దిద్దుతున్నాడంటే, అది అతడు క్లచ్ నొక్కిన అరక్షణపు పుణ్యమే గాని మా తెలివి వల్ల కాదు.