భరణము కాదు, భాగము

ఏటేట డిసెంబరు 3వ తేదీన అంగవైకల్యము గలవారి అంతర్జాతీయ దినము జరుగును. ఆనాడు ఊరూర సభలు కూడును. పెద్దలు కరుణారస ప్రధానములైన ఉపన్యాసములు గావింతురు. చక్రాల కుర్చీలును చేతికఱ్ఱలును పంచిపెట్టుదురు. మఱునాడు ఆ కుర్చీని పొందినవాడు తన పనిమీద ప్రభుత్వ కచ్చేరికి పోయినచో ద్వారమున మూడు మెట్లు అడ్డము నిలుచును. కుర్చీ నిచ్చినది ప్రభుత్వము. మెట్లు కట్టించినదియు ప్రభుత్వమే. దయాధర్మములకు మన దేశమున కొదువ లేదు. కొదువయైనది హక్కును హక్కుగా నెఱిగి చెల్లించు బుద్ధి.

భరణమునకును భాగమునకును గల భేదము మన పూర్వులు చక్కగ నెఱిగినదే. ఆంధ్రదేశమున హిందూ కుటుంబములకు వర్తించిన మితాక్షర న్యాయము ననుసరించి పుట్టుకతో అంధుడైనవానికిని, బధిరునకును, మూగవానికిని కుటుంబపు ఆస్తిలో భాగము లేదు. కుటుంబము వానికి కూడును గుడ్డయు నీయవలెను, అంతటితో సరి. అన్నదమ్ములు పొలము పంచుకొనుచుండగా వాడు వసారాలో కూర్చుండి, ఇకమీదట తన కెవరు అన్నము పెట్టుదురో యని ఎదురుచూడవలసినదే. ఈ యన్యాయమును 1928వ సంవత్సరపు 12వ చట్టము చాలవఱకు తొలగించెను. పుట్టుకతో మతి లేనివారిని మాత్రము మినహాయించి, వ్యాధి వలన గాని అంగలోపము వలన గాని ఎవరికిని వారసత్వము పోదని అది శాసించెను. మిగిలిన ఆ మినహాయింపును 1956 నాటి హిందూ వారసత్వ చట్టపు 28వ విభాగము తుడిచివేసెను. ఇంటి యాస్తిలో భరణము భాగముగా మారుట ఈ విధముగ జరిగినది.

ఇక ఊరి యాస్తి మాట యేమి? బడి, బాట, ఆసుపత్రి, న్యాయస్థానము, గ్రంథాలయము, ప్రభుత్వోద్యోగము, ఇవి యన్నియు పౌరుల ఉమ్మడి సొత్తు. ఇందు అంగవైకల్యము గలవానికి భాగము కలదా, లేక భరణమే కలదా? నేడు తేలవలసిన ప్రశ్న యిది.

మన రాజ్యాంగము అందఱికిని సమత్వమును ప్రసాదించినది. కాని భేదము చూపరాని కారణములను 15వ అధికరణమున లెక్కించునపుడు మతము, జాతి, కులము, లింగము, జన్మస్థానము అను వానినే పేర్కొన్నది, అంగవైకల్యమును పేర్కొనలేదు. వికలాంగుల ప్రస్తావన 41వ అధికరణమున వచ్చును. అచ్చట చెప్పబడినది రాజ్యము తన ఆర్థికశక్తి మేరకు చేయవలసిన సహాయము. రాష్ట్రముల అధికారముల జాబితాలో 9వ అంశమునను వారు కనబడుదురు. అచ్చట వారిని పని చేయజాలనివారి ప్రక్కన చేర్చి, ఉభయులకును ఉపశమనము కలిగించు పనిని రాష్ట్రములకు అప్పగించిరి. రాజ్యాంగకర్తల సదుద్దేశమును శంకింపము. కాని ఆ దృష్టి భరణ దృష్టియే.

1996 ఫిబ్రవరి 7న అమలునకు వచ్చిన 1995 నాటి చట్టముతో హక్కు అను మాట మొదటిసారి గట్టిగ వినబడినది. ఏడు విధములైన వైకల్యములను అది గుర్తించెను; ప్రభుత్వోద్యోగములలో నూటికి మూడు పాళ్లు ప్రత్యేకించెను. కాని బాటలను, భవనములను, వాహనములను వారికి అనువుగా చేయవలసిన బాధ్యతను చెప్పునపుడు, ఆర్థికశక్తికిని అభివృద్ధికిని లోబడి యని ఒక షరతు చేర్చెను. నిధులు లేవని చెప్పదలచిన ప్రతి కార్యాలయమునకును ఆ షరతు తలుపు తెఱచి యుంచినది. తరువాత 2006 డిసెంబరు 13న ఐక్యరాజ్యసమితి వీరి హక్కులను గూర్చి ఒడంబడిక నంగీకరించెను. 2007 అక్టోబరు 1న భారతదేశము దానిని ధ్రువపఱచెను. ఆ మాట నిలుపుకొనుటకై పార్లమెంటు చేసిన 2016 నాటి హక్కుల చట్టము 2017 ఏప్రిల్ 19 నుండి అమలులో నున్నది.

ఈ చట్టమును చదువరులు శ్రద్ధగా తెలిసికొనవలెను. ఏడు వైకల్యముల స్థానమున ఇది ఇరువది యొకటింటిని గుర్తించినది. వైకల్యము నూటికి నలువది పాళ్లకు తగ్గని బిడ్డకు ఆరవ యేటి నుండి పదునెనిమిదవ యేటి వఱకు ఇంటి చేరువ బడిలో గాని, కోరుకొన్న ప్రత్యేక పాఠశాలలో గాని ఉచితముగ చదువుకొను హక్కు నిచ్చినది. ప్రభుత్వపు ఉన్నత విద్యాలయములలోను, ప్రభుత్వ సహాయము పొందువానిలోను నూటికి ఐదుకు తగ్గకుండ, ప్రభుత్వోద్యోగములలో నూటికి నాలుగుకు తగ్గకుండ స్థానములను ప్రత్యేకించినది. కొలువులో నుండగా అంగవైకల్యము పొందిన ప్రభుత్వోద్యోగిని తొలగింపరాదు, హోదా తగ్గింపరాదు అని కట్టుదిట్టము చేసినది. అంగవైకల్యము గలవానిని నలుగురిలో బుద్ధిపూర్వకముగ అవమానించినవానికి ఆరు నెలలకు తగ్గని, ఐదేండ్ల వఱకు పెరుగగల కారాగారశిక్ష విధించినది. ఇవి యెవరో దయతలచి ఇచ్చు దానములు గావు. ఇవి భాగములు.

అయితే భాగము పత్రముమీద వ్రాసినంత మాత్రమున చేతికి రాదు. బడికి పోవు హక్కు గల బాలిక బడి మెట్టెక్కలేనిచో ఆ హక్కు వాకిట నిలిచిపోవును. న్యాయము కోరు హక్కు గల పౌరుడు న్యాయస్థానపు మేడ నెక్కలేనిచో ఆ హక్కు క్రిందనే కూర్చుండును. తక్కిన హక్కు లన్నింటికిని ద్వారము ప్రవేశ హక్కే. కావుననే చట్టము ఇచ్చట గట్టిగ పలికినది. నియమములు ప్రకటించిన నాటి నుండి ఐదేండ్లలోపల, అదివఱకే కట్టియున్న ప్రజాభవనము లన్నింటిని అందఱికి ప్రవేశయోగ్యముగ చేయవలెనని 45వ విభాగము శాసించినది. నియమములు 2017 జూన్ 15న వెలువడినవి. గడువు 2022 జూన్ నాటికి తీరినది. చదువరి తన యూరి ప్రజాభవనములను ఒకమాఱు తలచుకొని, గడువు ఎంతవఱకు పాటింపబడినదో తానే నిర్ణయింపవచ్చును.

ఇందునకు కారణము అధికారుల అలసత్వ మొక్కటే కాదు. నియమములలోనే లోప ముండినది. దృష్టిలోపము గల రాజీవ్ రాతూరి అను నాతడు 2005లో వేసిన వ్యాజ్యమున సుప్రీంకోర్టు 2017 డిసెంబరులో కొన్ని ఆదేశముల నిచ్చెను. అవి యెంతవఱకు నెఱవేఱినవో పరిశీలించు పనిని తరువాత మన హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయపు వైకల్య అధ్యయన కేంద్రమున కప్పగించెను. ఆ నివేదికను ఆలకించి 2024 నవంబరు 8న కోర్టు తీర్పు చెప్పెను. చట్టము తప్పక చేయవలెననుచుండగా, 15వ నియమము ఆధారపడిన మార్గదర్శకములు చేసిన మంచిది యను ధోరణిలో నున్నవనియు, కావున ఆ నియమము చట్టమునకు విరుద్ధమనియు కొట్టివేసెను. తప్పనిసరియగు కనీస ప్రమాణములను వేఱుచేసి మూడు నెలలలో నియమములు చేయవలెనని కేంద్ర ప్రభుత్వమును ఆదేశించెను. ఆ మూడు నెలలును 2025 ఫిబ్రవరితో గడచినవి. దేవుడు వరమిచ్చినను పూజారి ఈయడను సామెత ఇట్టి చోటనే పుట్టియుండును.

న్యాయస్థానములు ఈ యేండ్లలో భాగమును భాగముగనే చూచుచున్నవి. వ్రాత వ్యాధిచే చేయి సహకరింపని అభ్యర్థికి, వైకల్యము నలువది పాళ్లు లేదను సాకుతో, పరీక్షలో లేఖకుని నిరాకరింపరాదని 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. చూపు లేదను కారణముచే ఎవరిని న్యాయాధికారి పదవికి అనర్హుని చేయరాదని 2025 మార్చి 3న పలికెను. ఆమ్లపు దాడికి గురియైనవారు కనురెప్ప వేయలేనందున బ్యాంకుల కంప్యూటరు పరీక్షలో తాము సజీవులమని చూపుకొనలేకుండిరి. వారి మొఱ నాలకించి, కంప్యూటరు ద్వారా లభించు సేవలలో ప్రవేశము సైతము జీవించు హక్కులో భాగమేనని 2025 ఏప్రిల్ 30న నిర్ణయించెను. కాని ప్రతి మెట్టునకు ఒక వ్యాజ్యము, ప్రతి ద్వారమునకు ఒక తీర్పు కావలసినచో, బీదవానికి ఆయువు చాలునా?

ప్రభుత్వములు తాము చేసినదానికి సాక్ష్యముగా పింఛనులను చూపును. ఆంధ్రప్రదేశమున 2024 జూలైలో నెలకు 3,000 రూపాయల పింఛను 6,000 అయినది. తెలంగాణమున 2023లో 3,016 రూపాయలు 4,016 అయినది. ఇది కావలసినదే, మందులకును అన్నమునకును వెదకుకొను కుటుంబమునకు అది ప్రాణాధారము. ఎన్నికలలో పక్షములు ఈ మొత్తమును పెంచుటకు పోటీపడుటయు తప్పు కాదు. కాని పింఛను భరణము. బడియు, ఉద్యోగమును, బస్సు మెట్టును భాగము. భరణము పెరిగినకొలది భాగము నడుగకుండ నోరు మూయింపవచ్చునని యెవరైన తలచినచో అది 1928కి పూర్వపు తలంపు. ఇట్లే పేరు మార్చుటయు. వికలాంగు లన్నారు, తరువాత దివ్యాంగు లన్నారు, విభిన్న ప్రతిభావంతు లనియు అన్నారు. గౌరవమైన పేరు మంచిదే. పేరు మాఱిన ప్రతిసారి ద్వారమున ఒక మెట్టు తగ్గినచో మఱింత మంచిది.

వ్యయము సంగతి కొందఱు ఎత్తుదురు. లెక్క చూతము. అంగుళము ఎత్తునకు పండ్రెండు అంగుళముల పొడవున సాగిన వాలుబాట చక్రాల కుర్చీకి తగినదని అంగీకృతమైన కొలత. ఆరంగుళముల మెట్టొకటికి ఆరడుగులు. మూడు మెట్లకు పదునెనిమిది అడుగులు. కట్టునపుడే తలచినచో మొత్తము వ్యయములో ఇది యెంత? తలపక కట్టి, పిదప పగులగొట్టి మరల కట్టుటయే దుబారా. కొన్నిచోట్ల లెక్క తీర్చుటకై కట్టు నిటారు దిమ్మెలు సామాను లాగుటకు పనికివచ్చును గాని మనుష్యుడు ఒంటరిగ ఎక్కుటకు పనికిరావు. మఱికొందఱు, అట్టివారు మా కార్యాలయమునకు రానేరారు గదా, ఎవరికొరకు కట్టవలెను అందురు. రాలేని చోటికి ఎట్లు వత్తురు? 2011 జనాభా లెక్కలలో దేశమున వీరు 2 కోట్ల 68 లక్షలు. అవి యెనిమిది తరగతుల లెక్కలు. 2016 చట్టము గుర్తించినవి ఇరువది యొకటి. ఇందు చేరనివారును వృద్ధాప్యమున చేరుదురు. మోకాళ్లు పట్టిన తల్లిని ఆసుపత్రి మెట్లపై మోసికొనిపోయిన కొడుకునకు ఈ మాట విప్పి చెప్ప నక్కఱలేదు.

కర్తవ్యము స్పష్టము. కేంద్రము తప్పనిసరి నియమములను పూర్తిగ అమలునకు తేవలెను. నియమముల ననుసరింపని ప్లానునకు అనుమతి గాని, కట్టడమునకు పూర్తి పత్రము గాని ఈయరాదని 44వ విభాగము చెప్పుచున్నది. ఈ యధికారము పురపాలక సంఘముల చేతిలో నున్నది. వారు దానిని నిర్మొగమాటముగ వాడవలెను. చట్టమును మీఱినవారికి మొదటిసారి పదివేల రూపాయల వఱకు, పిమ్మట ఏబదివేలకు తగ్గకుండ ఐదు లక్షల వఱకు జరిమానా కలదు. హక్కు భంగమైనపుడు రాష్ట్ర కమిషనరు విచారింపవచ్చును. ఆయన సిఫారసుపై తీసికొన్న చర్యను సంబంధిత అధికారి మూడు నెలలలో తెలుపవలెను. భవనములను తనిఖీ చేయునపుడు కుర్చీలో తిరుగువానిని, చూపు లేనివానిని వెంట బెట్టుకొని పోవలెను. అడ్డ మెక్కడ నున్నదో వారికంటె బాగుగ ఎఱిగిన ఇంజనీరు లేడు.

చదువరులకు ఒక విన్నపము. గ్రంథాలయోద్యమమున పేరు గన్న దేశము మనది. మీరు ఈ పత్రికను చదువు పఠనమందిరమునకు మెట్లెన్ని? చూపు లేనివాడు అచ్చట ఏ పుస్తకమును వినగలడు? 2012లో సవరింపబడిన గ్రంథస్వామ్య చట్టము, అట్టివారి కొరకు పుస్తకమును వారు చదువగల రూపమునకు మార్చుటకు అనుమతి నిచ్చినది. ఈ విషయమున జరిగిన మర్రాకేష్ ఒడంబడికను 2014లో అన్ని దేశములకంటె ముందు ధ్రువపఱచినది భారతదేశమే. ఇచ్చట ప్రభుత్వపు టుత్తరువునకై కాచుకొన నక్కఱలేదు. సంఘపు కార్యవర్గము ఒక తీర్మానము చేసిన చాలును. మన మందిరపు ద్వారము సరిచేసికొని, పిదప పురపాలక సంఘమునకు, బడికి, ఆసుపత్రికి విజ్ఞాపనపత్రములు పంపుదము. జవాబు రానిచో కమిషనరునకు వ్రాయుదము. ఇంట భాగము పంచునపుడు అంధుడైన తమ్ముని పాలు తీసివేసినవానిని నేడు మనము అన్నయని గౌరవింపము. ఊరి యాస్తిలో అట్టివాని పాలు తీసివేయుచు మనము మంచి పౌరులమని చెప్పుకొనుట యెట్లు?