లంబర్గ్ గారి వ్యాకరణం

మైక్ జడ్జ్ తీసిన అమెరికా హాస్యచిత్రం ‘ఆఫీస్ స్పేస్’ (1999) నాకు నచ్చడానికి కారణం అందులోని వ్యాకరణం. నవ్వకండి!

ఇనిటెక్ అనే సంస్థలో పీటర్, 2000 సంవత్సరం రాగానే లెక్కలు తప్పకుండా, బ్యాంకుల ప్రోగ్రాములలో తేదీలు సరిదిద్దుతుంటాడు. (ఆ పనికే మన పిల్లలు ఎందరో అమెరికా విమానమెక్కారు.) అతనికి ఎనిమిది మంది పై అధికారులు. నివేదికకు కొత్త ముఖపత్రం జతచేయలేదని ఒకరి వెనుక ఒకరు వచ్చి అదే మాట చెబుతారు. వారిలో లంబర్గ్ ఏనాడూ గొంతు పెంచడు. కాఫీ కప్పు చేతబట్టుకొని, శనివారం కూడా వస్తే బాగుంటుందంటాడు; వెళుతూ వెళుతూ ఆదివారాన్నీ కలుపుతాడు. రూపానికది ప్రార్థన, అర్థానికి శాసనం.

నేను పనిచేసిన ఒకచోట ప్రధానోపాధ్యాయులు అందరి ఎదుటా కేకలు వేసేవారు. ఆ కేకకు బదులు చెప్పవచ్చు. ఒకసారి చెప్పాను కూడా. లంబర్గ్ మర్యాదకు బదులేదీ?

పీటర్ మిత్రబృందపు దొంగలెక్కల కథ నాకంతగా రుచించలేదు. నా మనసు మిల్టన్ దగ్గరే ఆగింది. అతడిని ఐదేళ్ళ క్రితమే ఉద్యోగంలోంచి తీసేశారు, కానీ ఆ మాట అతనికెవరూ చెప్పలేదు. పొరపాటున జీతం అందుతూనే ఉంది. అది బయటపడ్డాక కూడా చెప్పరు. జీతం మాత్రం ఆపేస్తారు. గొడవ ఉండదు కదా! అతని ఎర్ర స్టేప్లర్‌ను లంబర్గ్ తీసుకుంటాడు, బల్లను నేలమాళిగకు దింపిస్తాడు, అన్నీ మెత్తగానే. భవనం తగలబెడతానని మిల్టన్ గొణుగుతూనే ఉంటాడు. ఎవరూ వినరు.