నల్లపావుల గెలుపు

చదరంగమున తెల్లపావులవాడు మొదటి ఎత్తు వేయును; నల్లపావులవాడు ఒక అడుగు వెనుకబడియే ఆట నారంభించును. కావున నల్లపావులు వచ్చినవాడు సగము ఓడినట్లే యని కొందఱు విద్యార్థులు పలుకుచుందురు. ఈ మాట సరికాదని మా యభిప్రాయము. ఇందుకు ఒక్క ఆటయే సాక్ష్యము.

1956వ సంవత్సరము అక్టోబరు 17వ తేదీని న్యూయార్కు నగరమున, మార్షల్ చదరంగ సంఘమందు, రోజెన్వాల్డ్ స్మారక పోటీలో ఈ ఆట జరిగెను. తెల్లపావులు డొనాల్డ్ బర్న్‌వి. ఆయన 1953లో అమెరికా బహిరంగ పోటీని గెలిచిన నేర్పరి. నల్లపావులు బాబీ ఫిషర్‌వి. వాడు పదుమూడేండ్ల బాలుడు. బర్న్ తన రాజును కోటలోనికి జేర్పకయే, 11వ ఎత్తున, మునుపు కదలిన శకటునే మరల కదల్చెను. ఆ కొద్దిపాటి జాగును బాలుడు కనిపెట్టి, తన గుఱ్ఱమును బల్ల యంచునకు దూకించెను. 17వ ఎత్తున తన మంత్రినే విడిచిపెట్టెను! బర్న్ మంత్రిని గైకొనగా, నల్లగుఱ్ఱమును నల్లశకటును కలసి రాజును మరల మరల బెదరించెను. మంత్రికి బదులుగా ఒక ఏనుగు, రెండు శకటులు, ఒక బంటు ఫిషర్‌కు దక్కెను. ఓటమి తేటపడిన పిదపను బర్న్ లేచిపోక తుదివఱకు ఆడెను. 41వ ఎత్తున ఆట కట్టెను. హాన్స్ క్మోక్ అను విమర్శకుడు దీనికి 'శతాబ్దపు ఆట' యని పేరిడెను.

మంత్రిని విడిచిన సాహసమును లోకము మెచ్చుకొనును. మేము మెచ్చునది ఆ సాహసమునకు ముందున్న లెక్కను. లెక్క లేక విడిచినది త్యాగము కాదు, పోగొట్టుకొనుటయే.

తలిదండ్రులకును ఒక మాట. ఫిషర్ ఆ పోటీలో ప్రథముడు కాలేదు. బహుమతుల పట్టికను మాత్రమే చూచువారికి ఆ యాట కనబడనే కనబడదు. పిల్లవాని వరుససంఖ్యతోబాటు వాడెట్లు యోచించెనో కూడ విచారింపుడని మా మనవి.

మన విద్యార్థులలో తమ యింట మొట్టమొదట అక్షరము నేర్చినవారు కలరు. తోడివారు తమకంటె ఒక ఎత్తు ముందున్నట్లు వారికి తోచుట సహజమే. మొదటి ఎత్తు మనది కాకపోవచ్చును. అయినను ఎదుటివాని ఎత్తును నిదానముగ జూచి బదులు చెప్పు అవకాశము మనకు గలదు. దైవమిచ్చిన బుద్ధిని అట్లు వినియోగించువాడు, ఏ రంగు పావులు వచ్చినను, వెనుకబడినవాడు కాడు.