సోయా విత్తనానికి గామా కిరణాలు: మోతాదే కీలకం

సోయాచిక్కుడు విత్తనం ఒక ఖరీఫ్ నుంచి మరొక ఖరీఫ్ వరకు మొలకశక్తిని నిలుపుకోవడం కష్టం. సుమారు 20 శాతం నూనె, పలుచని పొట్టు ఇందుకు ప్రధాన కారణాలు. ధ్రువీకృత వరి విత్తనానికి 80 శాతం మొలక తప్పనిసరి కాగా, సోయాకు 70 శాతంగానే నిర్ణయించడం గమనార్హం. కోతవేళ వర్షాలకు తడిసిన 2019 పంట విత్తనంతో 2020 ఖరీఫ్‌లో మహారాష్ట్రలో మొలక రాలేదన్న ఫిర్యాదులు వెల్లువెత్తాయి. ఆదిలాబాద్, నిజామాబాద్ ప్రాంతాల సోయా రైతులు కూడా పొరుగు రాష్ట్రాల విత్తనంపై ఆధారపడుతున్నందున ఈ సమస్య తెలంగాణకూ సంబంధించినదే.

ఈ నేపథ్యంలో కోబాల్ట్-60 నుంచి వెలువడే గామా కిరణాలపై పరిశోధనలు ప్రాధాన్యం సంతరించుకున్నాయి. ఈ కిరణాలు గింజలోని నీటి అణువులను ఛేదించి, తీవ్ర చర్యాశీలత గల ఆక్సిజన్ రూపాలను పుట్టిస్తాయి. స్వల్ప మోతాదులో సూపర్ ఆక్సైడ్ డిస్మ్యుటేజ్, కాటలేజ్ వంటి రక్షక ఎంజైముల జన్యువులు ఉత్తేజితం కావచ్చు. మోతాదు మించితే కణపొరలలోని కొవ్వు ఆక్సీకరణకు లోనై మొలకశక్తి క్షీణిస్తుంది. జన్యువు ఉత్తేజితమైనంత మాత్రాన పొలంలో మొలక పెరిగినట్లు భావించరాదు.

భాభా అణు పరిశోధన కేంద్రం, అకోలా వ్యవసాయ విశ్వవిద్యాలయం సంయుక్తంగా రూపొందించిన టామ్స్-38 వంటి రకాల సంగతి వేరు. అవి గామా కిరణాలతో కలిగించిన శాశ్వత జన్యుమార్పుల నుంచి ఎంపిక చేసినవి. వాటి విత్తనానికి మళ్లీ వికిరణం అవసరం లేదు. గామా వికిరణానికి గురైన విత్తనం రేడియోధార్మికం అవుతుందన్న భయమూ నిరాధారమే.

ప్రస్తుతానికి రైతుకు అందుబాటులో ఉన్న రక్షణ, గింజలో తేమ 12 శాతం మించకుండా ఆరబెట్టడం, విత్తే ముందు 100 గింజలను తడి గోనెసంచిలో ఉంచి పరీక్షించడం. 70 కంటే తక్కువ మొలిస్తే ఎకరానికి వాడే విత్తన పరిమాణాన్ని ఆ మేరకు పెంచుకోవలసి ఉంటుంది.