ఏసీ కొంటున్నారా? ముందు కరెంట్ బిల్లు తీయండి.. 200 యూనిట్లు దాటితే లెక్కే మారిపోతుంది!

ఎండలు ముదిరితే చాలు.. ఎలక్ట్రానిక్స్ షాపుల్లో ఏసీల ముందు జనం గుమిగూడతారు. ఈఎంఐ ఎంత, డిస్కౌంట్ ఎంత, ఇన్‌స్టాలేషన్ ఫ్రీనా.. అడిగే ప్రశ్నలన్నీ ఇవే. పైగా 2025 సెప్టెంబర్ 22 నుంచి ఏసీలపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. పన్ను లేకుండా రూ.30 వేలు ఉన్న ఏసీ, అప్పట్లో రూ.38,400 పడేది. ఇప్పుడు రూ.35,400. అంటే 3 వేలు మిగులు. బాగానే ఉంది. కానీ ఆ 3 వేలు ఒక్క వేసవిలోనే కరెంట్ బిల్లు రూపంలో వెనక్కి వెళ్లిపోవచ్చు. అదెలాగో చూద్దాం.

ఆ గీత ఎక్కడుంది?

తెలంగాణలో ఇంటి కరెంట్‌కు 200 యూనిట్లు చాలా కీలకం. 2022 నుంచి అమల్లో ఉన్న టారిఫ్ ప్రకారం నెలకు 100 దాటి 200 యూనిట్ల లోపు వాడితే మొదటి 100 యూనిట్లకు రూ.3.40, తర్వాతి 100కు రూ.4.80 చొప్పున పడుతుంది. 201వ యూనిట్ తిరిగిందంటే మొదటి 200 యూనిట్లకూ రూ.5.10 రేటు వర్తిస్తుంది. ఆ పైన 300 దాకా రూ.7.70. ఇక గృహజ్యోతి కింద జీరో బిల్లు వస్తున్న ఇళ్ల సంగతి ఇంకా సీరియస్. 200 దాటిన నెలలో మొత్తం బిల్లు కట్టాల్సిందే.

ఏపీలో రేట్లు వేరు, పద్ధతి మాత్రం స్లాబులదే. అక్కడ 225 యూనిట్లు దాటాక యూనిట్ రూ.8.75కి చేరుతుంది.

ఒక ఇంటి లెక్క

ఏసీపై అంటించే బీఈఈ స్టార్ లేబుల్‌లో అందరూ నక్షత్రాలే చూస్తారు. దాని మీదే ఏడాదికి ఎన్ని యూనిట్లు అన్న అంకె కూడా ఉంటుంది. అది 1600 గంటల వాడకానికి వేసిన లెక్క. ఆ అంకెను 1600తో భాగిస్తే గంటకు సగటున ఎంత లాగుతుందో తెలిసిపోతుంది. ఉదాహరణకు లేబుల్‌పై 750 ఉంటే గంటకు 0.47 యూనిట్. రాత్రి 8 గంటలు వేస్తే నెలకు దాదాపు 112 యూనిట్లు. మే నెల ఎండలకు ఇంకాస్త పెరుగుతుంది కూడా.

ఇప్పుడు నెలకు 150 యూనిట్లు వాడే ఇంటిని తీసుకుందాం. కూలర్ పెడితే? 180 వాట్ల కూలర్ రోజుకు 8 గంటలు తిరిగితే నెలకు 43 యూనిట్లు. మొత్తం 193.. గీతకు ఇవతలే. అదే ఏసీ పెడితే 262. ఎనర్జీ ఛార్జీలే దాదాపు రూ.1,500. ఫిక్స్‌డ్ ఛార్జీలు, డ్యూటీ అదనం. జీరో బిల్లు ఇంటికి ఇది సున్నా నుంచి ఒక్కసారిగా పడే భారం.

మరి ఏసీ వద్దా? అదేం కాదు. ఆ ఇంట్లోనే 75 వాట్ల పాత ఫ్యాన్లు మూడు ఉన్నాయనుకోండి. వాటి స్థానంలో 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెడితే, రోజుకు 15 గంటల లెక్కన నెలకు 60 యూనిట్లు ఆదా. ఏసీని 24 బదులు 26లో పెట్టి ఫ్యాన్ వేసుకుంటే, డిగ్రీకి 6 శాతం ఆదా అన్న బీఈఈ లెక్క ప్రకారం ఇంకో 13 యూనిట్లు తగ్గుతాయి. మొత్తం 189. ఏసీ నడుస్తోంది, గీత దాటలేదు!

కూలరా? ఏసీనా? ఊరే చెబుతుంది

కూలర్ పని చేసేది నీరు ఆవిరవడం వల్ల. గాలి ఎంత పొడిగా ఉంటే అంత చల్లదనం. బయట 42 డిగ్రీలు, తేమ 20 శాతం ఉంటే మంచి కూలర్ నుంచి 28 డిగ్రీల దగ్గర గాలి వస్తుంది. రామగుండం, నిజామాబాద్, హైదరాబాద్ లాంటి చోట్ల ఏప్రిల్, మే నెలల్లో కూలర్ బాగా పని చేసేది అందుకే. అదే 36 డిగ్రీలు, 60 శాతం తేమ ఉంటే? వచ్చే గాలి 30 దాటే ఉంటుంది, పైగా తడితడిగా. విశాఖ, కాకినాడ లాంటి తీర ప్రాంతాల్లో కూలర్ వేస్తే చెమట ఆరక ఇంకా ఉక్కపోస్తుంది. అక్కడ ఏసీ లేదా ఫ్యాన్.. అంతే.

ఇంకో తేడా చాలామంది మర్చిపోతారు. కూలర్‌కు కిటికీ తెరిచి ఉండాలి, ఏసీకి తలుపులు మూసి ఉండాలి. రెండూ కలిపి వేస్తే రెండూ దండగే.

టన్ను ఎంత? పైకప్పును అడగండి

ఒక టన్ను అంటే గంటకు 12 వేల బీటీయూల వేడిని బయటికి పంపే శక్తి. 10x12 అడుగుల గదికి, అపార్ట్‌మెంట్ మధ్య అంతస్తు అయితే 1 టన్ను సరిపోతుంది. అదే గది డాబా కింద ఉండి, పడమటి గోడకు ఎండ కొడితే 1.5 టన్నులు కావాలి. కాబట్టి పైకప్పుకు తెల్లటి కూల్ రూఫ్ పెయింట్ లేదా సున్నం వేయించడం, పడమటి కిటికీకి బయటి నుంచి నీడ కట్టడం ముందు చేయాల్సిన పని. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చిందీ ఇందుకే.

స్టార్ రేటింగ్ చూసేటప్పుడు లేబుల్‌పై ఏ కాలానిదో కూడా చూడండి. 2026 జనవరి 1 నుంచి ప్రమాణాలు కఠినమయ్యాయి. పాత స్టాక్‌లోని 5 స్టార్, కొత్త లెక్కలో 5 స్టార్ కాకపోవచ్చు.

బిగించే రోజు దగ్గరుండి చూడాల్సినవి

- ఏసీకి విడిగా వైరు, విడిగా ఎంసీబీ ఉండాలి. ఎర్తింగ్ తప్పనిసరి. పాత ప్లగ్ పాయింట్‌కు ఎక్స్‌టెన్షన్ బాక్స్ తగిలించి నడిపితే వైర్లు కాలిపోయే ప్రమాదం ఉంది.
- పైపులు కలిపాక వాక్యూమ్ పంప్‌తో లోపలి గాలి, తేమ తీయమనండి. ఇది ఎగ్గొడితే కంప్రెసర్ త్వరగా పోతుంది.
- అవుట్‌డోర్ యూనిట్‌ను మూసేసిన బాల్కనీలో పెట్టకండి. వదిలిన వేడినే మళ్లీ పీల్చుకుంటుంది.
- కాపర్ పైపు అదనపు అడుగుకు ఎంత తీసుకుంటారో ముందే రాయించుకోండి. 'ఫ్రీ ఇన్‌స్టాలేషన్' బిల్లు పెరిగేది అక్కడే.
- ఏటా గ్యాస్ నింపాలంటే నమ్మకండి. అది సీల్ చేసిన వ్యవస్థ. గ్యాస్ తగ్గిందంటే లీక్ ఉన్నట్టే, ముందు దాన్ని మూయాలి.
- ఇంటి సాంక్షన్డ్ లోడ్ సరిపోతుందో లేదో బిల్లుపై చూసుకుని, అవసరమైతే డిస్కంకు దరఖాస్తు చేయండి.

కూలర్‌ను తేలిగ్గా తీసుకోవద్దు. ఏటా వేసవిలో కూలర్ షాక్ కొట్టి ప్రాణాలు పోయిన వార్తలు వింటూనే ఉన్నాం. నీళ్లు పోసే ముందు స్విచ్ ఆపడమే కాదు, ప్లగ్ తీసేయండి. 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ బిగిస్తే ఇంటిల్లిపాదికీ రక్షణ. వారానికోసారి నీళ్లు పూర్తిగా తీసి తొట్టి తుడవాలి.. లేదంటే డెంగీ దోమలకు అదే ఇల్లు.

మొత్తంగా చూస్తే.. వరుస తిరగేసి కొంటున్నాం, అదే సమస్య. ముందు పైకప్పు, తర్వాత ఫ్యాన్లు, ఆ తర్వాతే ఏసీ. షాపుకు వెళ్లేటప్పుడు డబ్బులతో పాటు గత వేసవి కరెంట్ బిల్లు కూడా జేబులో పెట్టుకోండి. మీ ఇంటికి ఏది సరిపోతుందో సేల్స్‌మన్ కంటే ఆ కాగితమే బాగా చెబుతుంది.