పీడీఎఫ్ మిగిలింది, ప్రోగ్రాం పోయింది

పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాన్ని ఎలక్ట్రానిక్ ప్రతిగా కూడా ఇవ్వాలని యూజీసీ 2009లో నిబంధన పెట్టింది. ఆ ప్రతి శోధ్‌గంగ అనే ఆన్‌లైన్ భాండాగారంలో చేరుతుంది, ఎవరైనా చదువుకోవచ్చు. మంచిదే. కానీ అందులోని గ్రాఫులు గీసిన ప్రోగ్రాం ఏదని ఆ నిబంధన అడగదు. అది పరిశోధకుడి లాప్‌టాప్‌లోనే ఉండిపోతే, ఉద్యోగం వచ్చి అతను ఊరు దాటిన రోజున దానికీ సెలవే. ఈ నష్టం ఎంత ఖరీదైనదో కణ భౌతికశాస్త్రాన్ని అడగాలి.

జర్మనీలోని హాంబర్గ్‌లో, డెసీ ప్రయోగశాలలో 1979 నుంచి 1986 దాకా జేడ్ అనే ప్రయోగం నడిచింది. ఎలక్ట్రాన్లనూ పాజిట్రాన్లనూ ఢీకొట్టించి, పుట్టుకొచ్చినదంతా టేపులకెక్కించారు. ప్రయోగం ముగిశాక మనుషులు తలో దారి పట్టారు. పదేళ్లు తిరిగేసరికి సిద్ధాంతం పదునెక్కింది. క్వార్కులను పట్టి ఉంచే బలం, శక్తి పెరిగేకొద్దీ ఎలా సడలుతుందో తేల్చాలంటే 14 నుంచి 44 జీఈవీ శక్తుల మధ్య కొలతలు కావాలి. జెనీవాలో అప్పటికి నడుస్తున్న పెద్ద యంత్రం ఆ మెట్టు దాటి పైనెక్కడో మొదలవుతుంది. కాబట్టి పాత టేపులే దిక్కయ్యాయి. సీగ్‌ఫ్రీడ్ బెత్కే బృందం వాటిని వెతికి తీసింది. తీరా చూస్తే వాటిని చదవాల్సిన ప్రోగ్రాం ఫోర్ట్రాన్‌లో ఉంది. అందులో కొన్ని భాగాలు అప్పటి ఐబీఎం మెయిన్‌ఫ్రేములకు తప్ప మరో యంత్రానికి అంతుపట్టనివి. ఢీకొనడాల లెక్కకు ఆధారమైన అంకెల పట్టిక కాగితం మీద ప్రింటుగానే మిగిలితే, దాన్ని మళ్లీ టైపు చేయించారు. మొత్తానికి గట్టెక్కారు. సడలే బలం సిద్ధాంతానికి 2004లో గ్రాస్, పొలిట్జర్, విల్చెక్‌లకు నోబెల్ వచ్చింది. ఆ సిద్ధాంతాన్ని నిలబెట్టిన కొలతల్లో జేడ్‌వీ ఉన్నాయి. దీన్ని విజయగాథగా చెప్పుకుంటారు. నాకు మాత్రం అదృష్టం పాలే ఎక్కువనిపిస్తుంది. ఆ కాగితాన్ని ఎవరైనా చిత్తుకింద అమ్మేసి ఉంటే?

డేటాను కొత్త డిస్కులోకి మార్చుకుంటూ పోతే చాలాకాలం నిలుస్తుంది. ప్రోగ్రాం అలా కాదు. అది ఏ కంపైలరు, ఏ లైబ్రరీల మీద ఆధారపడిందో అవి మారిపోతే ఉన్నచోటే మొరాయిస్తుంది, లేదా ఏ హెచ్చరికా లేకుండా వేరే జవాబిస్తుంది. రెండోదే ప్రమాదం. మరొకటుంది. కోడ్‌లో ‘25 కంటే తక్కువైతే వదిలెయ్’ అని ఒక వరుస ఉంటుంది. ఆ 25 ఎందుకు? డిటెక్టరు అంతకు తక్కువ శక్తిని సరిగా కొలవలేకనా, రొద తగ్గించడానికా, లేక ఆ నెల ఒక పరికరం పాడైనందుకా? రాసినవాళ్లకే తెలుసు. విశాఖ ఉక్కు కాయిల్‌కు ట్యాగ్ మీద హీట్ నంబరు ఉంటుంది. ఏ పోతలో తయారైంది, పరీక్షల్లో ఏం తేలింది అన్నది దాన్ని పట్టుకునే వెనక్కి వెళ్లి చూస్తారు. ఆ నంబరు లేని కాయిల్‌ను బాధ్యత తెలిసిన ఇంజినీరు వంతెనకు వాడడు. పరిశోధన ఫలితాన్ని మాత్రం ట్యాగ్ లేకుండానే నమ్మేస్తున్నాం.

ట్యాగ్ కట్టడం అసాధ్యమేమీ కాదు. 2014 నవంబరు 20న, జెనీవాలోని కణ భౌతికశాస్త్ర ప్రయోగశాల సెర్న్ తన ఓపెన్ డేటా పోర్టల్‌ను తెరిచింది. అక్కడి సీఎంఎస్ ప్రయోగం తన 2010 నాటి డేటాను అందులో పెట్టింది. తెలివైన పని ఏమిటంటే, అప్పటి ఆపరేటింగ్ సిస్టంతో సహా సాఫ్ట్‌వేర్‌ను వర్చువల్ మెషీన్‌గా కట్టి దానికి జోడించింది. 2017లో ఎంఐటీకి చెందిన జెస్సీ థేలర్ బృందం, సీఎంఎస్‌లో సభ్యత్వం లేకుండానే, ఆ డేటాతో పరిశోధన పత్రాలు వెలువరించింది.

విశాఖకు ఇందులో ఉన్న లాభం చిన్నది కాదు. ప్రాగ్‌లో, లివర్‌పూల్‌లో పనిచేసి వచ్చిన స్వామి జ్ఞానానంద 1950ల్లో ఇక్కడి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అణు పరిశోధనశాల పెట్టినప్పుడు, పరికరాలను సొంతంగా బిగించుకుని అగ్రశ్రేణి ప్రశ్నలను అందుకోవడం ఒక విశ్వవిద్యాలయానికి సాధ్యమయ్యేది. సీఎంఎస్ డిటెక్టరు బరువు 14,000 టన్నులు. అంతటిదాన్ని ఏ విశ్వవిద్యాలయమూ ఒంటరిగా కట్టలేదు. దాని డేటా మాత్రం విశాఖలోని మద్దిలపాలెంలో కూర్చున్నా అందుతుంది, ప్రోగ్రాం బతికి ఉంటే. మన దగ్గర ఐఐటీ హైదరాబాద్ భాగస్వామిగా ఉన్న బెల్ 2 ప్రయోగమే చూడండి. 2010లో ఆగిపోయిన పాత బెల్ ప్రయోగం డేటాను కొత్త సాఫ్ట్‌వేర్ చదవగలిగేలా మార్చే ప్రోగ్రాం రాసుకున్నారు. ఫలితంగా పాత, కొత్త డేటాలను కలిపి విశ్లేషిస్తున్నారు. ఆ కొత్త సాఫ్ట్‌వేర్‌ను 2021లో అందరికీ తెరిచారు కూడా.

కోడ్ భద్రపరిచినందుకు ప్రమోషన్ రాదు, పేపరు వేస్తేనే వస్తుంది, చిక్కు అక్కడే. ఆ లెక్క ఢిల్లీలో మారేదాకా ఆగనక్కర్లేదు. గ్రంథంతోపాటు కోడ్, దాని వెర్షన్ల జాబితా, అది నడవడానికి కావలసిన సాఫ్ట్‌వేరంతా కట్టిన కంటైనరు ఇవ్వకపోతే వైవా తేదీ ఇవ్వబోమని విశ్వవిద్యాలయమే చెప్పవచ్చు. అవి నడుస్తున్నాయో లేదో ఏడాదికోసారి చూసే ఒక ప్రోగ్రామర్ పోస్టు కావాలి. మరో సర్వర్ గది కంటే అది ముందు అవసరం. వాటిని ఎవరు వాడతారని అడిగేవారుంటారు. అదే గైడు దగ్గర చేరి, సీనియర్ గ్రాఫు తనకెందుకు రావడం లేదో తెలియక మొదటి ఏడాదంతా తలపట్టుకునే కుర్రాడు వాడతాడు.