ఆటోలో సిగరెట్ కాగితం ఫ్యూజు

హైదరాబాదులో ఆటో గురించి మాట మొదలైతే మీటరు దగ్గర మొదలై మీటరు దగ్గరే ఆగిపోతుంది. మీటరు వెయ్యడు, వేసినా గుర్రంలా పరిగెడుతుంది, "ఆ సైడు రాను సార్" అంటాడు, వగైరా వగైరా. నా గోల వేరే. ఆటోలో అందరూ మర్చిపోయిన పెట్టె ఇంకోటుంది, ఫ్యూజుపెట్టె. అది డ్రైవరు చేతికి అందేచోట, అతను చదవగలిగే భాషలో గుర్తులతో ఉండాలనీ, మూత తీసి చూసుకోవడం అతనికి వచ్చుండాలనీ నా వాదన. ఇదీ ఒక వాదనేనా అనుకుంటున్నారా? కాస్త ఓపిక పట్టండి.

మా వెంగళరావు నగర్ పక్కనే, మధురానగర్ మెట్రో స్టేషన్ కింద రాత్రి తొమ్మిది దాటాక ఆగే ఆటోల్ని చూడండి. కంపెనీ ఇచ్చిన వైరింగుకి తోడు రెండు స్పీకర్లు, నీలం రంగు ఎల్‌ఈడీ పట్టీ, దేవుడి పటం చుట్టూ మిణుకు మిణుకు దీపాలు, ఫోను చార్జరు. ఇవన్నీ ఎక్కడో ఒకచోట ఉన్న తీగనే గీకి అతికించినవి. ఒక ఆటోలో ఉబ్బ ఆపుకోలేక "ఫ్యూజులెక్కడన్నా ఇందులో?" అని అడిగా. చూపించాడు. మూత లేదు. ఒక గడిలో సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం మడతపెట్టి కుక్కి ఉంది. "మాటిమాటికి పోతుండె సార్, గిది పెట్టినంక పోతలేదు" అన్నాడు చాలా తృప్తిగా.

పోదు మరి, పోయేదాన్ని తీసేశాక ఇంకేం పోతుంది? మా వృత్తిలో దీనికి సరిగ్గా సరిపోయే పాపం ఒకటుంది. ప్రోగ్రాము ఎర్రర్ చూపిస్తుంటే కారణం వెతక్కుండా, ఎర్రర్‌ని చప్పుడు లేకుండా మింగేసే రెండు లైన్లు రాసి పారేస్తాం. మేనేజరు సంతోషిస్తాడు. మూణ్ణెల్ల తర్వాత డేటా మొత్తం గంగలో కలుస్తుంది.

ఫ్యూజు ఉన్నది బల్బుని కాపాడ్డానికి అనుకుంటారు చాలామంది. అది కాపాడేది తీగని. 35 వాట్ల హెడ్‌లైటు బల్బు 12 వోల్టుల మీద సుమారు 3 ఆంప్స్ తీసుకుంటుంది, ఆ మాత్రం ఏ తీగైనా మోస్తుంది. ఎక్కడో ఇన్సులేషను ఒరిసిపోయి రాగి ఇనప బాడీకి తగిలిందనుకోండి, బ్యాటరీ తన దగ్గరున్నదంతా ఆ దారిన పంపేస్తుంది. కరెంటు రెండింతలైతే తీగలో వేడి నాలుగింతలవుతుంది. అప్పుడు తీగకంటే ముందు చావాల్సింది ఫ్యూజు. వెండి కాగితం ఎన్ని ఆంప్స్ దగ్గర కరుగుతుందో కుక్కినవాడికే తెలీదు. అది కరక్కపోతే తీగ మీది ప్లాస్టిక్కు కరుగుతుంది. కింద పెట్రోలో, గ్యాసో ఉంటుంది, పైన రెక్సిన్ టాపు, మధ్యలో మనం.

ఆటో అంటే మూడుచక్రాల స్కూటరే కదా. 1948లో ఇటలీలో పియాజియో కంపెనీ వెస్పా స్కూటరులోంచి పుట్టించిన ఆపే బండి దగ్గర్నుంచీ ఇదే వరస, స్టీరింగు చక్రానికి బదులు హ్యాండిలు. అంటే హ్యాండిలు మెడ దగ్గర తీగలు రోజంతా అటూ ఇటూ మెలితిరుగుతూనే ఉంటాయి. ఫ్యూజు మాటిమాటికీ పోతోందంటే ముందు చూడాల్సిన చోట్లలో అదొకటి. ఇంకోటి, వెనక లైటు దగ్గర నీళ్ళు చేరేచోటు. ఆ తర్వాత పైన చెప్పిన అతుకులన్నీను.

చూసుకోవడం బ్రహ్మవిద్యేం కాదు. తాళం తీసేసి, బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పాలి. పెట్టె ఒక్కో బండిలో ఒక్కోచోట ఉంటుంది, బండితో ఇచ్చే పుస్తకంలో రాసుంటుంది. రెండు కాళ్ళ రంగు ఫ్యూజుని నిటారుగా పీకి వెలుతురుకి ఎత్తి చూస్తే లోపలి వంతెన తెగిందో లేదో కనిపిస్తుంది. అనుమానంగా ఉంటే మల్టీమీటరు, కోఠీ గుజరాతీ గల్లీలో చవకరకం చాలు. రంగులు గుర్తుపెట్టుకోవడం తేలికే: ఎరుపు 10 ఆంప్స్, నీలం 15, పసుపు 20. పోయిన రంగే మళ్ళీ పెట్టాలి. ఎరుపు పోయిందని పసుపు పెట్టడం వెండి కాగితానికి తమ్ముడే. కొత్తది కూడా వెంటనే పోతే ఇక మార్చడం ఆపి తీగ వెతకాలి. ఫ్యూజు బాగానే ఉండి దాని కాళ్ళు పట్టుకునే గడి నల్లబడితే అది వదులు కాంటాక్టు, వానాకాలం తర్వాత చిలుం పట్టి ఇలా అవుతుంది.

ఎలక్ట్రిక్ ఆటో వాళ్ళు మాత్రం లైట్ల ఫ్యూజుల వరకే ఆగాలి. బండిని నడిపించే పెద్ద బ్యాటరీ ఫ్యూజు జోలికి పోతే మెరుపు చేతిమీదే మెరుస్తుంది, అది తెలిసిన మెకానిక్కు పని.

ఈ కాగితం అలవాటు ఆటోతో వచ్చింది కాదనుకుంటా. మన ఇళ్ళలో పింగాణీ ఫ్యూజులుండే రోజుల్లో కొవ్వొత్తి వెలుతురులో ఒక పాయ చుట్టాల్సిన చోట మూడు పాయలు చుట్టి "ఇక పోదు" అనుకున్న జాతి మనది. ఇళ్ళలోకి మీట పైకెత్తితే చాలే ఎంసీబీలు వచ్చి మనల్ని మన నుంచి కాపాడాయి. ఆటోకి ఆ భాగ్యం దక్కలేదు.

"మెకానిక్కులున్నారుగా" అని ఓ మిత్రుడు తేలిగ్గా తీసేశాడు. రాత్రి పదకొండింటికి ఏ మెకానిక్కు ఉంటాడు? ఆటో చాలామందికి సొంతం కూడా కాదు, రోజు కిరాయి. లైటు పోయిందని బండి పక్కన పెడితే ఓనరుకి కట్టాల్సింది జేబులోంచి పోతుంది. దగ్గర స్పేర్ ఫ్యూజు లేనప్పుడు అతని ముందున్నవి రెండే దారులు: సిగరెట్ కాగితం, లేదా వెనక లైటు లేకుండా కృష్ణానగర్ చీకట్లోంచి పోవడం. డ్రైవర్ని తిట్టడానికి నాకు నోరు రాదు. ఆటోడ్రైవరు హీరోగా 1995లో బాషా చూసి ఈలలేశాం గానీ, ఆ ఆటో కింద తీగల సంగతి మనకెవరికి పట్టింది?

పది రూపాయల్లో వచ్చే వస్తువిది. మూత లోపల నాలుగు స్పేర్ ఫ్యూజులు, తెలుగులోనూ ఉర్దూలోనూ "హారను, హెడ్‌లైటు, వెనక లైటు" అని ఓ స్టిక్కరు అంటించి అమ్మితే లక్షల ఖరీదు చేసే బండిలో కంపెనీకి అదనంగా అయ్యేదెంత? ఫిట్‌నెస్‌కి బండి ఎలాగూ వెళ్తుంది, లైటు వెలుగుతోందా అని చూస్తారు. వెలుగుతున్నది ఫ్యూజుతోనా, కాగితంతోనా అని కూడా మూత తీసి చూస్తే అర నిమిషం పని.